ఉమ్మిలో ఇంటిపేరు దొరకదు

కార్తీక మాసం వస్తే చాలు, గుంటూరు నుంచి ఒంగోలు దాకా తోటల్లో ఇంటిపేర్ల సందడి. ఫలానా వారి ఆత్మీయ కలయిక అని రోడ్డు పక్కన ఫ్లెక్సీ, ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు, మైకు అందుకున్న పెద్దాయన నోట ‘మనందరిదీ ఒకే రక్తం’ అన్న మాట. ఒకప్పుడు ఆ మాట పులిహోరతో పాటే అరిగిపోయేది. ఇప్పుడు దానికి సైన్సు ముద్ర కావాల్సి వచ్చింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు ప్లాస్టిక్ గొట్టంలో ఉమ్మి పోస్టులో పంపుతాడు. కొన్ని వారాలకు ఫోన్ తెర మీద రంగుల పటం ఒకటి, కజిన్ల జాబితా ఒకటి ప్రత్యక్షమవుతాయి. అవి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పడతాయి. ఇక ఎవరికి తోచిన వంశవృక్షం వాళ్ళు నాటేస్తారు.

ఈ ఉత్సాహం కింద మూడు నమ్మకాలున్నాయి. ఒక ఇంటిపేరు వాళ్ళంతా ఒకే మూలపురుషుడి సంతానమనీ, దాన్ని డీఎన్‌ఏ పరీక్ష తేల్చేస్తుందనీ మొదటిది. గోత్రమంటే మన ఋషులు ముందే కనిపెట్టిన వై క్రోమోజోమ్ శాస్త్రమని రెండోది. సముద్రాలు దాటి డర్బన్‌లోనో ఫిజీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఒక కిట్టు కొనుక్కుంటే సొంతూరు దొరికిపోతుందని మూడోది. మొదటిది సగం తప్పు, రెండోది పూర్తిగా తప్పు, మూడోది డబ్బు వదిలించే తప్పు.

సగం తప్పు అనడానికి కారణం ఉంది. తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోమ్ దాదాపు మార్పు లేకుండా దిగుతుంది. ఇంటిపేరూ అలాగే తండ్రి నుంచి దిగుతుంది కాబట్టి రెండూ జంటగా నడుస్తాయనుకోవడంలో తర్కం లేకపోలేదు. 2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ళను పరీక్షించి, వాళ్ళలో దాదాపు సగం మంది ఒకే రకం వై క్రోమోజోమ్ మోస్తున్నారని చూపించాడు. ఇంటిపేర్ల డీఎన్‌ఏ వ్యాపారానికి ఊపు తెచ్చింది ఆ ఫలితమే. అమ్మేవాళ్ళు ఆ సగాన్ని పట్టుకున్నారు. మిగతా సగం ఊసు ఎత్తలేదు. ఆ తర్వాత టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ బ్రిటన్‌లోనే మరిన్ని ఇంటిపేర్లు పరీక్షించారు. అరుదైన పేర్లలో పోలిక గట్టిగా కనిపించింది. స్మిత్ లాంటి ఊరందరి పేర్లలో మాత్రం, దారిన పోయే ఇద్దర్ని పట్టుకొచ్చి చూసినదానికంటే ఎక్కువ పోలికేమీ కనపడలేదు.

రాజుల ఇళ్ళలోనైనా లెక్క కుదిరిందా అంటే అదీ లేదు. 1485లో యుద్ధంలో చచ్చిపోయిన ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్‌లో ఒక కార్ల పార్కింగ్ కింద బయటపడింది. తల్లి వైపు నుంచి దిగే మైటోకాండ్రియా డీఎన్‌ఏ నేటి బంధువులతో సరిపోయింది. తండ్రి వైపు, కాగితాల ప్రకారం అదే మగ వంశానికి చెందిన అయిదుగురి వై క్రోమోజోములు తీసి చూస్తే ఒక్కరిదీ రిచర్డ్‌తో కలవలేదు. ఆ అయిదుగురిలో ఒకరిది మిగతా నలుగురితోనూ కలవలేదు. పుట్టుకలు కాగితాలకెక్కిన వంశంలో జరిగిన సంగతి ఇది.

మరి మన ఇంటిపేర్ల సంగతి? పల్నాటి నుంచి కందుకూరు దాకా పేర్లు వరసగా చదివితే సగం బస్సు బోర్డుల మీది పేర్లే. టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టింది వినోదరాయునిపాలెంలో. ఇంటిపేరులోని టంగుటూరు అదే ప్రాంతంలోని మరో ఊరు. గుంటూరు శేషేంద్రశర్మ పుట్టింది నెల్లూరు జిల్లా నాగరాజుపాడులో. టంగుటూరులోనే ఉండిపోయినవాణ్ని టంగుటూరివాడని ఎవరూ పిలవరు. ఊరు విడిచి ఇంకో ఊరు చేరినవాడికే ఆ పేరు అతుక్కుంటుంది. ఊరు విడిచేది ఒక్క కుటుంబమే కాదు కదా. కరణం పోతాడు, కోమటి పోతాడు, కాపు పోతాడు, చాకలీ మాలా పోతారు, వేర్వేరు తరాల్లో వేర్వేరు దిక్కులకు. చేరిన చోటల్లా అందరికీ అదే పేరు పెడతారు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తపతీ సంవరణోపాఖ్యానం రాసిన కవి అద్దంకి గంగాధరుడు. నేటి తెలంగాణ రాజకీయాల్లో అద్దంకి దయాకర్ ఉన్నారు. పేరు ఒకటే కదా అని ఇద్దర్నీ ఒక వంశంలో కట్టే సాహసం ఏ పురోహితుడూ చెయ్యడు. ఇంటిపేరును బట్టి బంధువుల్ని వెతికిపెడతామనే వెబ్‌సైట్ మాత్రం చేస్తుంది.

ఒక్క కులంలోనే చూద్దామన్నా దారి సాఫీగా లేదు. దత్తత ఉంది. తెలుగువాళ్ళందరికీ తెలిసిన సాక్ష్యం చలమే. ఆయన పుట్టింది కొమ్మూరి సాంబశివరావు కొడుకుగా. తల్లి తండ్రి గుడిపాటి వెంకటరామయ్య దత్తు తీసుకోవడంతో గుడిపాటి వెంకటచలం అయ్యాడు. ఈ లెక్కన గుడిపాటి పేరు కింద నడిచేది కొమ్మూరి వారి వై క్రోమోజోమ్. చలం సంగతి పుస్తకాలకెక్కింది కాబట్టి లోకానికి తెలుసు. మైనరు పిల్లవాడి పేర దత్తత దస్తావేజు రాయించి ట్రంకుపెట్టె అడుగున దాచి మరిచిపోయిన ఇళ్ళెన్నో ఎవరు లెక్కపెట్టారు?

దానికి తోడు ఇల్లరికం. కొడుకుల్లేని ఇంట సేద్యానికి మగమనిషి కావాలి. అల్లుణ్ని ఇంటికి తెచ్చుకుని, పొలంలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఇల్లటం ఆచారం రెడ్లలో, కమ్మవారిలో ఎంత గట్టిదంటే పందొమ్మిదో శతాబ్దంలోనే మద్రాసు హైకోర్టు దాన్ని చట్టబద్ధమని ఒప్పుకుంది. వచ్చిన అల్లుడు కొన్ని ఇళ్ళలో తన ఇంటిపేరే ఉంచుకుంటాడు. కొన్ని ఇళ్ళలో పిల్లలకు తాత ఇంటిపేరు వచ్చేస్తుంది, ఎందుకంటే పట్టా ఆ పేరు మీద ఉంది, ఊళ్ళో పరపతి ఆ పేరుకే ఉంది. రెండు తరాలు గడిస్తే అల్లుడు వచ్చిన సంగతి ముసలమ్మలకే గుర్తుంటుంది. అమెరికాలో మునిమనవడు పరీక్ష చేయించుకుని ‘మన ఇంటిపేరు వాళ్ళతో కలవలేదేమిటి’ అని కంగారుపడితే, ఆ పొలం కథ చెప్పడానికి ఆ ముసలమ్మ ఉండదు. కంగారు అక్కడితో ఆగినా బాగుండు. ఏనాడో పోయిన ముత్తవ్వ నడత మీద అనుమానం దాకా పోతుంది.

పేరు వేరు, పుట్టుక వేరు అనడానికి మన నల్లరేగడినే చూడండి. గుంటూరు సన్నం అని భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మిరప పుట్టిల్లు మెక్సికో. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. ఇప్పుడు చేలనిండా తెల్లగా విచ్చుకునే పత్తి కూడా ఎక్కువ భాగం అమెరికా జాతిదే. మన నాటు పత్తి వేరే జాతి. మిరప గింజను ప్రయోగశాలకు పంపితే అది మెక్సికో అంటుంది తప్ప గుంటూరు అనదు. గుంటూరన్నది ఆ మిరప పెరిగిన నేల, దాన్ని ఎండబెట్టిన కళ్ళాలు, అమ్మిన యార్డు ఇచ్చిన పేరు.

గోత్రం దగ్గరికొద్దాం. ‘ఒకే గోత్రంలో పెళ్ళి చేస్తే వై క్రోమోజోమ్ బలహీనపడుతుంది, అందుకే ఋషులు వద్దన్నారు’ అనే సందేశం ఏడాదికోసారైనా రాని తెలుగు వాట్సాప్ గ్రూపు ఉండదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పెళ్ళికూతురికి వై క్రోమోజోమే లేదు. కొడుక్కి తండ్రి వై దిగడానికి అతని భార్య ఏ గోత్రం నుంచి వచ్చిందన్నదానితో పనే లేదు. పైగా తెలుగు దేశంలో గోత్రం పట్టింపు, మేనరికం ఒకే పెళ్ళిపందిట్లో కూర్చుంటాయి. మేనమామా మేనకోడళ్ళ మధ్య సగటున నాలుగో వంతు డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉంటుంది, మేనత్త మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నాలుగింట ఒక పెళ్ళి దాకా దగ్గరి చుట్టరికంలోనే జరుగుతోంది. గోత్రం ఈ పెళ్ళిళ్ళను దీవించి పంపింది. పది తరాల కిందట విడిపోయి, వై తప్ప బహుశా ఒక్క ముక్క డీఎన్‌ఏ కూడా పంచుకోని ఇద్దరు జ్ఞాతుల పిల్లల్ని మాత్రం అన్నాచెల్లెళ్ళంది. ఇది జన్యుశాస్త్రమైతే చాలా తలకిందుల జన్యుశాస్త్రం. గోత్రం తెలియనివాడికి కాశ్యప గోత్రం చెప్పేసే ఆనవాయితీ కూడా ఉంది కదా. కాశ్యపులందరి వై తీసి చూస్తే ఆ ఋషి ఎంతమందికి తండ్రి కావాలో!

ఆర్యవైశ్యుల ఉదాహరణ ఇంకా గట్టిది. వాళ్ళకు 102 గోత్రాలు, సగోత్ర వివాహాల మీద కట్టుబాటూ ఉంది. అయినా హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లోనూ 2017లోనూ ప్రచురించిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, వైశ్యులు కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చి, వేల ఏళ్ళుగా బయటివారితో కలవకుండా పెరిగిన సముదాయం. మత్తుమందు ఇచ్చేటప్పుడు వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును ఒంట్లో విరగ్గొట్టే ఎంజైము లోపం వీళ్ళలో ఇతరులకంటే వంద రెట్లు ఎక్కువ. ఆపరేషన్ బల్ల మీద అది ప్రాణాల మీదికి తేగలదు. 102 గోత్రాల గోడలు దీన్ని ఆపలేదు, ఎందుకంటే కలయిక జరగాల్సింది కులం గోడ అవతల. ఇలాంటి వైద్య సమాచారం కోసం ఎవరైనా రక్తమిస్తే అర్థం ఉంది.

కిట్టు కంపెనీ పంపే కజిన్ల జాబితా కూడా ఇక్కడే బోల్తా కొడుతుంది. జాబితాలో ఒక వరస ఇలా ఉంటుంది: ఒక పేరు, పక్కన ఇన్ని సెంటీమోర్గాన్లు (డీఎన్‌ఏ ముక్కల కొలత) ఉమ్మడి అని ఒక అంకె, దాని కింద ‘మూడో నుంచి అయిదో కజిన్’ అని అంచనా. ఆ అంచనా చుట్టరికపు పెళ్ళిళ్ళు అరుదైన దేశాల కొలతల మీద కట్టింది. మూడో కజిన్లంటే ఒకే జంట ముత్తాత తల్లిదండ్రుల నుంచి వచ్చినవాళ్ళని అక్కడి లెక్క. ఒకే కులంలో, నాలుగు తాలూకాల పరిధిలో, మేనరికాలు చేసుకుంటూ ముప్ఫై తరాలు గడిపినవాళ్ళకు ఆ ఉమ్మడి ముక్కలు ఒక దారిన రావు. చిన్న చిన్న ముక్కలు ఇరవై దారుల్లో వచ్చి కూడికలో మూడో కజిన్‌గా కనిపిస్తాయి. చిలకలూరిపేట కుర్రాడికి ఆస్టిన్‌లో తేలిన ‘మూడో కజిన్’ నిజానికి తొమ్మిదో తరం చుట్టం కావచ్చు, అదీ పదిహేను వైపుల నుంచి. అదీగాక ఆ జాబితాలోకి ఎక్కేది కిట్టు కొన్నవాళ్ళే. నరసరావుపేటలో ఉన్న సొంత పెదనాన్న కొడుకు ఉమ్మి పంపలేదు కనుక కంపెనీ దృష్టిలో అతను లేడు.

రంగుల పటం ఇంకా పేలవం. పటం గీయాలంటే పోల్చి చూసుకోవడానికి ఆయా ప్రాంతాల నమూనాలు కావాలి. ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు వాడే వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో తెలుగువాళ్ళకు ప్రతినిధులు 102 మంది (ఇక్కడా అదే అంకె). ఆ నమూనాలు సేకరించింది బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ దగ్గర. మన దేశంలో పదివేల జన్యుపటాల జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో గాని పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు. ఇంత పలచని పునాది మీద కంపెనీలు చెప్పగలిగేది ‘దక్షిణ భారతం’ అని. ఆ మాట చెప్పడానికి వంద డాలర్లు అక్కర్లేదు, ఇంట్లో గోంగూర పచ్చడి జాడీ చూసి ఎవరైనా చెబుతారు. ఆ వంద డాలర్లతో పాటు అప్పగించిన సమాచారం గతేమైందో ట్వంటీత్రీ అండ్ మీ ఖాతాదారులకు తెలుసు. 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

ఇంతకీ వై పరీక్ష దేనికీ పనికిరాదా? పనికొస్తుంది, ప్రశ్న చిన్నదైతే. కొన్ని వందల ఏళ్ళ కిందట దక్షిణానికి నడిచిపోయి కోవిల్‌పట్టి, కోయంబత్తూరు నల్లరేగళ్ళలో పత్తి పండించిన కమ్మవారు కాగితాల మీద ఇనీషియల్ మాత్రమే రాసుకుంటారు. ఇంటిపేరు పెళ్ళి మాటల్లోనే బయటికొస్తుంది. అలాంటి ఒక కుటుంబానికీ, అదే ఇంటిపేరుతో తెనాలి దగ్గరున్న కుటుంబానికీ మగ వంశం ఒకటేనా అన్న ప్రశ్నకు రెండు వైపులా ఇద్దరేసి మగవాళ్ళు వై పరీక్ష చేయించుకుంటే సమాధానం దొరకవచ్చు. తుంగభద్ర కాలువల కింద గంగావతి, సింధనూరు క్యాంపులకు 1950ల తర్వాత తరలిన గుంటూరు రైతులకు ఆ అవసరమూ లేదు; ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో ఇంకా నోటిలెక్కలో ఉంది. ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ పరీక్ష ‘కాదు’ అని చెప్పినంత గట్టిగా ‘అవును’ అని చెప్పలేదు. కలవకపోతే మగ వంశం ఒకటి కాదు. కలిసినా ఇంటిపేరు పుట్టకముందు, ఏ వెయ్యేళ్ళ కిందటో కలిసిన మూలం కావచ్చు. ఆర్‌1ఏ, ఎల్, హెచ్ అంటూ కులాల గొప్పలకు వాడుకుంటున్న హాప్లోగ్రూపులు, అంటే ఒకే మూలం నుంచి చీలిన వై రకాలు, వేల ఏళ్ళ నాటివి. రేచెర్ల, మల్యాల లాంటి వంశనామాలైతే మన శాసనాల్లో కాకతీయుల కాలంలో కనిపిస్తాయి. పది తరాల వెనక్కి పోతే మనిషికి 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. వై చెప్పేది అందులో ఒక్కడి కథ.

మూడో నమ్మకానికి ఒక గౌరవనీయమైన వాదన అండగా ఉంది. కాగితాల్లో పేరు లేనివాళ్ళకు డీఎన్‌ఏ తప్ప దిక్కేమిటి అని. అమెరికాలో నల్లజాతివాళ్ళ విషయంలో అది నిజం. 1870 జనగణన దాకా బానిసల్లో అత్యధికుల పేర్లు జనాభా లెక్కల్లో రాయనే లేదు. కాని డర్బన్ తెలుగువాడి సంగతి అది కాదు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా అలా డర్బన్ ఉన్న నటాల్‌కు వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. వాళ్ళను మనుషులుగా చూడని తెల్లదొరలు లెక్కలు మాత్రం వదల్లేదు. ఓడ పట్టీలో ఒక్కో కూలీకి ఒక్కో వరస: నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ. ఫిజీ పాసుల్లోనూ ఇంచుమించు ఇవే గడులు, అవి సువాలోని జాతీయ పురాభిలేఖాగారంలో ఉన్నాయి. మారిషస్ దస్తావేజులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఊరి పేరు రాసిపెట్టి ఉండగా ఉమ్మిలో వెతకడం దేనికి?

ఆ పట్టీలో సాధారణంగా లేనిది ఇంటిపేరే. కూలీ సొంత పేరో, తండ్రి పేరో, నాయుడు, రెడ్డి లాంటి బిరుదో ఆ దేశంలో మనవలకు ఇంటిపేరయింది. కాబట్టి డర్బన్ నాయుళ్ళందర్నీ ఒక వై కింద కట్టబోవడం వృథా. అప్పలసామి అన్నది అక్కడ ఇంటిపేరు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్నవాడి మూలాలు ఉత్తరాంధ్రలో వెతకాలని తెలుగు తెలిసిన ఎవరైనా చెబుతారు. ఆ మాత్రం కూడా ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

ఇక్కడే ఉండిపోయినవాళ్ళకూ కాగితాలున్నాయి. ఇనాం రిజిస్టర్లు, సెటిల్‌మెంటు రిజిస్టర్లు, ఫెయిర్ అడంగళ్ళు, రిజిస్ట్రారు ఆఫీసులో పాత దానపత్రాలు, మెకంజీ సేకరించిన గ్రామ కైఫియత్తులు. పొలం లేనివాళ్ళు వీటిలో తక్కువ కనిపిస్తారన్నది నిజమే, అది ఆ రికార్డుల పాపం. అయితే ఒంగోలు బాప్టిస్టు మిషన్ చూసుకోండి. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లోనే హేయర్ దొరతో మొదలైంది. పట్టా లేని కుటుంబం పేరు చర్చి పుస్తకంలో దొరికే అవకాశం ఉంది. రెడ్లకూ కాపులకూ వంశాలు చెప్పే పిచ్చుకుంట్లవారు మరో దారి. సంభావన కోసం పొగడ్త పాలు కాస్త ఎక్కువే కలుపుతారు. ఆ పొగడ్త తీసేస్తే గోత్రం, ఇంటిపేరు, వలసొచ్చిన ఊరు మిగులుతాయి.

కాగితం చదవడానికి మాత్రం కొంత భూగోళం తెలియాలి. ఓడలు నడిచిన రోజుల్లో చాలా కాలం గుంటూరు జిల్లా లేదు. 1859లో రద్దయి 1904లో మళ్ళీ పుట్టింది. మధ్యలో బాపట్ల, నరసరావుపేట, వినుకొండ కృష్ణా జిల్లాలో ఉండేవి, ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఒంగోలు 1904లో గుంటూరులోకి వచ్చి, 1970లో సొంతంగా జిల్లా అయి, 1972లో ప్రకాశం పేరు పెట్టుకుంది. 2022లో బాపట్ల, పల్నాడు జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. అందుకని 1885 నాటి పట్టీలో ‘జిల్లా నెల్లూరు, తాలూకా ఒంగోలు’ అని ఉంటే నేటి నెల్లూరుకు పోయి వెతికితే లాభం లేదు. ‘జిల్లా కృష్ణా, తాలూకా నరసరావుపేట’ అని ఉంటే మచిలీపట్నం బస్సెక్కకూడదు, పల్నాడు వెళ్ళాలి. ఊరి పేరును ఇంగ్లీషు గుమాస్తా తనకు వినబడ్డట్టు రాసుకుని ఉంటాడు గనక, దాన్ని ఆ తాలూకాలో పుట్టి పెరిగిన మనిషి చేత పైకి చదివించాలి. వీఆర్వో దగ్గరో, పాత కరణంగారి ఇంట్లోనో ఆ మనిషి ఇంకా దొరుకుతాడు.